పాత అంబాసిడర్ క్రోమ్‌కి పెయింటు: ఊడిపోకుండా ఎలా వేయాలి

గోపాల్‌పూర్ సముద్రం మీద నుంచి వచ్చే గాలి బరంపురం ఊళ్లోకి ఉప్పుని మోసుకొస్తుంది. పాత కారు ఉన్నవాళ్లకి ఆ సంగతి ముందు బంపరే చెబుతుంది. బాడీకి రంగు బాగానే ఉంటుంది, ఇంజిను ఇంకో పదేళ్లు లాగేలా ఉంటుంది, బంపరు మీద మాత్రం గోధుమరంగు చుక్కలు లేస్తాయి. రెండు వర్షాకాలాలు పట్టించుకోకపోతే ఆ చుక్కల చుట్టూ క్రోమ్ పొరలుపొరలుగా లేచి వేలికి గుచ్చుకుంటుంది. అటు పర్లాకిమిడి వైపు ఉప్పుగాలి తగ్గినా కొండల తేమ ఉంది కాబట్టి కాస్త ఆలస్యంగా అదే జరుగుతుంది.

మళ్లీ క్రోమ్ ప్లేటింగ్ చేయించడం అన్నిటికన్నా మంచి మందు, కాదనను. కానీ ఖర్చు ఎక్కువ, మంచి ప్లేటింగ్ షాపు దగ్గర్లో దొరకడం కష్టం, పంపిన ముక్క ఎప్పుడు తిరిగొస్తుందో అన్న టెన్షన్ వేరే. రోజూ బయటికి తీసే బండికైతే పెయింటు మంచి దారే. సరిగ్గా వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. తొందరపడి వేస్తే మొదటి వాటర్ సర్వీసింగ్‌కే అరటితొక్కలా ఊడి వస్తుంది.

ముందు పెయింటు అవసరమో కాదో తేల్చుకోండి

క్రోమ్ గట్టిగానే ఉండి పైన చుక్కలు మాత్రమే ఉంటే పెయింటు జోలికి వెళ్లకండి. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ని చిన్న ఉండ చేసి, నీళ్లలో ముంచి చుక్కల మీద రుద్దండి. ఫాయిల్ క్రోమ్ కన్నా మెత్తన, అందుకే గీతలు పడవు, తుప్పు మాత్రం నల్లటి ముద్దగా లేచి వస్తుంది. తుడిచి, ఆరబెట్టి, వ్యాక్స్ రాస్తే చాలు. సగం బంపర్లకు ఇంతకు మించిన పని ఉండదు.

గోరుతో గీకితే పెచ్చు లేస్తోందా, గుంటలు పడ్డాయా? అప్పుడు పెయింటు గురించి ఆలోచించండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. నీళ్ల పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) ఒకసారి పట్టించాక ఆ మెరుపు మళ్లీ రాదు. బండిని వింటేజ్ ర్యాలీలో ఒరిజినల్‌గా చూపించే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆగి, డబ్బు కూడబెట్టి ప్లేటింగ్‌కి పంపండి.

ఏ ముక్క ఏ లోహం

మెరిసేదల్లా క్రోమ్ అనుకుంటాం గానీ, అంబాసిడర్ మీద మెరిసేవాటిలో మూడు నాలుగు రకాల లోహాలు ఉంటాయి. అదీగాక ఈ బండి తయారీ దాదాపు అరవై ఏళ్లు సాగి 2014లో ఆగింది. ఈలోపు మోడళ్లు మారాయి, యజమానులు మారారు, ఎవరికి దొరికిన ముక్క వాళ్లు బిగించారు. పుస్తకంలో ఏముందో చూసి లాభం లేదు, మీ బండి మీద ఉన్నదేమిటో మీరే చూసుకోవాలి.

ఒక చిన్న అయస్కాంతం తీసుకోండి. అంటుకోకపోతే అది అల్యూమినియమో, మజాకో (కింద చెప్తాను), ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలో అయి ఉంటుంది. అంటుకుంటే చాలామంది ‘ఇనుము మీద క్రోమ్’ అని తేల్చేస్తారు. అది తొందరపాటు, ఎందుకంటే కార్ల బీడింగులకు (మెరిసే అంచు పట్టీలకు) వాడే స్టెయిన్‌లెస్‌లో అయస్కాంతానికి అంటుకునే రకం కూడా ఉంది. అనుమానం వస్తే ముక్క విప్పి వెనక్కి తిప్పండి. వెనక వైపు తుప్పు పట్టి ఉంటే అది క్రోమ్ పూసిన ఇనుము. ముందూ వెనకా ఒకే లోహం, మెరుపులోనే తేడా ఉంటే స్టెయిన్‌లెస్.

స్టెయిన్‌లెస్‌కి పెయింటు వేయకండి. సొట్టలు తీయించి బఫింగ్ చేయిస్తే కొత్తదానిలా అవుతుంది. దాన్ని పెయింటు కింద దాచడం నా దృష్టిలో నేరమే.

మజాక్ అంటే జింకు కలిసిన పోత లోహం. హ్యాండిళ్లు, బ్యాడ్జీలు, లైటు చుట్టూ ఉండే చట్రాల లాంటి చిన్న ముక్కల్లో ఎక్కువగా కనిపిస్తుంది. పాడైతే ఎర్ర తుప్పు రాదు, క్రోమ్ కింద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. పొక్కు చితికితే తెల్లటి పొడి. దీన్ని ఏ యాసిడ్‌లోనూ ముంచకూడదు, జింకు కరిగి ముక్కే పోతుంది. పొక్కుల్లోని పొడిని సూదిమొనతో పూర్తిగా గీకేయండి. ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) అయ్యాక గుంటల్ని లప్పంతో నింపుకోవచ్చు.

ఇక బంపర్లు, వాటి మీద నిలబడే ఓవర్‌రైడర్లు, వీల్ కప్పులు చాలావరకు క్రోమ్ పూసిన ఇనుమే. ఇక్కడి నుంచి చెప్పేదంతా ముఖ్యంగా వాటి గురించే.

క్రోమ్‌కి పెయింటు ఎందుకు అంటదు

మనం క్రోమ్ అని పిలిచే పూత నిజానికి మూడు పొరలు. ఇనుము మీద చాలాసార్లు రాగి, దాని మీద నికెల్, అన్నిటికన్నా పైన క్రోమియం. మిల్లీమీటరులో వెయ్యో వంతుని మైక్రాన్ అంటారు. నికెల్ మందం మామూలుగా 10 నుంచి 30 మైక్రాన్లు ఉంటే, పైన క్రోమియం ఒక మైక్రాన్ కూడా ఉండదు. వెచ్చని మెరుపు నికెల్‌ది, దాని మీద కనిపించే నీలి ఛాయ క్రోమియంది. నికెల్‌లో కంటికి కనిపించని రంధ్రాల గుండా ఉప్పునీరు ఇనుముని చేరుతుంది. తుప్పు అక్కడ పుట్టి పైపొరని లేపుతుంది.

ఆ పైపొర గాజంత నున్నగా, రాయంత గట్టిగా ఉంటుంది. గాలి తగలగానే దాని మీద పల్చని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, అది దేనితోనూ కలవదు. పెయింటు పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. అందుకే మొత్తం పనిలో ముప్పావు వంతు ఆ నున్నదనాన్ని పోగొట్టడమే.

విప్పండి

బండి మీదే ఉంచి టేపు అంటించి పెయింటు వేసేద్దామనిపిస్తుంది. వద్దు. తుప్పు దాక్కునేది బోల్టుల దగ్గర, అంచుల వెనక. పెయింటు మొదట ఊడేది కూడా అక్కడే.

ముందు రోజు రాత్రే బోల్టుల మీద డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. బ్రాకెట్లు ఏది ఎటు వైపుదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నట్లు, వాషర్లు ఒక్కో ముక్కవి ఒక్కో కవర్లో వేసి పేరు రాయండి. బోల్టు మొండికేస్తే స్పానర్ మీద నిలబడకండి, తల తెగితే దాన్ని డ్రిల్ చేసి తీయడానికి రోజంతా పోతుంది.

జిడ్డు, జిగురు

ఈ పని పేపరు పట్టే ముందే చేయాలి. జిడ్డు ఉండగా రుద్దితే అది గీతల్లోకి దిగి కూర్చుంటుంది, తర్వాత ఎంత తుడిచినా రాదు.

మన ఊళ్లలో అంబాసిడర్‌కి పెళ్లి బేరాలు తప్పవు. పూలదండలు కట్టడానికి బంపరు మీద, గ్రిల్లు మీద అంటించిన టేపుల జిగురు పొరలుపొరలుగా పేరుకుపోయి ఉంటుంది. కిరసనాయిలులో ముంచిన గుడ్డ వేసి కాసేపు ఉంచితే మెత్తబడుతుంది, అప్పుడు ప్లాస్టిక్ ముక్కతో గీకండి. కిరసనాయిలు కూడా జిడ్డే కాబట్టి తర్వాత సబ్బునీళ్లతో బాగా కడగాలి.

సబ్బు కడిగి ఆరాక, పెయింటు కొట్టులో దొరికే వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో తుడవండి. రెండు గుడ్డలు పెట్టుకోండి. తడి గుడ్డతో రాసి, అది ఆరిపోకముందే పొడి గుడ్డతో తుడిచేయాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు అక్కడే మళ్లీ పరుచుకుంటుంది. డ్యాష్‌బోర్డు మెరిపించే సిలికాన్ పాలిష్‌ని ఆ చుట్టుపక్కల కూడా వాడకండి. చుక్క పడినా పెయింటులో చేపకళ్ల లాంటి గుండ్రటి ఖాళీలు తేలతాయి.

మెరుపు చంపడం

నల్లగా ఉండే వాటర్ పేపరు కొనండి. అది సిలికాన్ కార్బైడ్, క్రోమ్‌ని గీయగల గట్టిదనం దానికుంది. 220 నంబరుతో మొదలుపెట్టి 320తో ముగించండి. ఓవర్‌రైడర్ల వంపులకు, బంపరు మడతలకు కెంపు రంగు స్కాచ్‌బ్రైట్ బాగుంటుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చది క్రోమ్‌కి చాలదు.

నీళ్లు పోస్తూనే రుద్దాలి. ఇది పనితనం కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. నికెల్, క్రోమియం దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. గ్రైండర్ పెట్టి పొడిగా రుద్దేవాళ్లని ఇక్కడి షెడ్లలో చాలామందిని చూస్తాం, మీరు మాత్రం ఆ పని చేయకండి. చేతులకు గ్లవ్స్, ముఖానికి ఎన్95 మాస్కు వేసుకోండి. రుద్దిన నీళ్లు బావి గట్టు వైపో కాలవలోకో పోనీయకుండా ట్రేలో పట్టి, పాత పేపర్లు పరిచి ఆరబెట్టి, ఆ మట్టిని పెయింటు డబ్బాల చెత్తతో కలిపి వేరుగా పడేయండి.

పేపరు తొందరగా మొద్దుబారుతుంది, పిసినారితనం చేయకుండా మారుస్తూ ఉండండి. ఎంతవరకు రుద్దాలి అంటే, ముక్కని ఎండలో పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. ఎక్కడా మీ ముఖం కనిపించకూడదు, మబ్బు పట్టిన ఆకాశంలా ఒకే బూడిదరంగు కనిపించాలి. చిన్న మెరుపు చుక్క మిగిలినా రేపు పెయింటు లేచేది ఆ చుక్క దగ్గరే. మడతల లోపల, బోల్టు రంధ్రాల చుట్టూ తప్పకుండా మిగులుతుంది, అక్కడికి మళ్లీ వెళ్లండి.

పెచ్చులు లేచిన చోట

లేస్తున్న క్రోమ్‌ని అలా ఉంచి పైన పెయింటు వేస్తే ఎంత ఖరీదైన పెయింటైనా ఆ పెచ్చుతో పాటే పోతుంది. పదునైన స్క్రేపర్‌తో లేచేదంతా లేపేయండి, గట్టిగా పట్టుకున్న చోటికి వచ్చేదాకా వెనక్కి వెళ్లండి.

ఇప్పుడు ఇనుముకి, మిగిలిన ప్లేటింగుకి మధ్య ఒక మెట్టు ఉంటుంది. కంటికి దాదాపు కనిపించదు. కళ్లు మూసుకుని గోరుని ఇనుము వైపు నుంచి క్రోమ్ వైపు మెల్లగా లాగండి. టక్కున తగిలిందా, అదే మెట్టు. 120 పేపరుతో, తర్వాత 180తో, ఆపైన 320తో ఆ అంచుని పల్చగా సాగదీయండి. సరిగ్గా వస్తే ఇనుము బూడిదరంగు, దాని చుట్టూ ఒక్కోచోట సన్నని రాగి గీత, ఆ బయట నికెల్ పసుపు ఛాయ, చివర క్రోమ్, ఇలా వరుసగా ఉంగరాలు కనిపిస్తాయి. గోరు ఎక్కడా ఆగకుండా జారాలి. ఈ మెట్టు వదిలేస్తే, పెయింటు వేసిన రోజు కనిపించదు గానీ, క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పూత) ఆరి కుంచించుకున్నాక పటంలో సరిహద్దు గీతలా పైకి తేలుతుంది.

గుంటల్లో తుప్పుని వైరు బ్రష్‌తో తీసి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ రాసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, నీళ్లతో బాగా కడిగి వెంటనే ఆరబెట్టండి. కడగడంలో బద్ధకం వద్దు, యాసిడ్ మిగిలితే పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా గట్టిపడదు.

సగానికి పైగా లేచిపోయిన బంపరైతే చేత్తో కుస్తీ పట్టే బదులు శాండ్ బ్లాస్టింగ్‌కి (ఇసుకని వేగంగా చిమ్మి గీకే పనికి) ఇవ్వండి. పల్చని బీడింగుల్ని మాత్రం ఇవ్వకండి, వేడికీ దెబ్బకీ వంకరపోతాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌లో ముంచితే క్రోమ్ పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. పోయే మాట నిజమే. ఆ పొగ, మిగిలిన ఆ ఆకుపచ్చ విషపునీళ్లు ఇంటి పెరట్లో ఏం చేస్తారు? ఆ పని ప్లేటింగ్ షాపువాళ్లకి వదిలేయండి.

నీళ్ల పరీక్ష

ప్రైమర్‌కి ముందు ఇది చేయండి. గ్రీజ్ రిమూవర్‌తో మళ్లీ తుడిచిన ముక్కని నిలబెట్టి శుభ్రమైన నీళ్లు పోయండి. నీరు తెగకుండా ఒకే పల్చని తెరలా జారితే శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా చీలి, తామరాకు మీదలా బొట్లుబొట్లుగా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డుంది. పాసయ్యాక వెంటనే ఆరబెట్టండి, బయటపడిన ఇనుముకి మన గాలిలో గంటల్లోనే తుప్పు పొడ వస్తుంది. ఆ తర్వాత వట్టిచేత్తో ముట్టుకోకూడదు.

ప్రైమర్

కొట్టులో ఎట్చ్ ప్రైమర్ (యాసిడ్‌తో లోహాన్ని కొరికి పట్టుకునేది), ఎపాక్సీ ప్రైమర్ రెండూ చూపిస్తారు. ఈ పనికి నేను రెండు డబ్బాలుగా వచ్చే, గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాడే ఎపాక్సీ వైపే ఉంటాను. తేమని బాగా ఆపుతుంది, ఇనుము, నికెల్, క్రోమ్ పక్కపక్కన ఉన్నా అన్నిటినీ పట్టుకుంటుంది. రెండూ మంచివే కదా అని ఎట్చ్ మీద ఎపాక్సీ వేయకండి, కింద ఉన్న యాసిడ్ పైదాన్ని పాడుచేస్తుంది. తయారీదారు ప్రత్యేకంగా వేయమని రాస్తే తప్ప ఏదో ఒకటే.

హార్డెనర్ కొలత కళ్లతో వద్దు, గీతలున్న కప్పుతో కలపండి. కొన్నిటిని కలిపాక కాసేపు ఆగి వాడమని డబ్బా మీద ఉంటుంది, ఆగండి. స్ప్రే గన్ను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ముందు అంచులకి, రంధ్రాల చుట్టూ కొట్టి, తర్వాత మొత్తం మీదికి రండి. మొదటిది మంచులా పల్చగా, తర్వాత రెండు నిండు కోట్లు, మధ్యలో డబ్బా చెప్పినంత విరామం.

లప్పం అవసరమైన గుంటలకి ఈ ఎపాక్సీ ఆరాక దాని మీదే వేసుకోండి. ఆపైన ప్రైమర్ సర్ఫేసర్ (రుద్ది నున్నగా చేసుకునే మందపాటి ప్రైమర్) కొట్టి, ఆరాక పల్చగా నల్ల స్ప్రే చల్లి 600 పేపరుతో రుద్దండి. నలుపు మిగిలిన చోటల్లా గుంట ఉన్నట్టే.

ఏ రంగు, ఏ కాలం

డబ్బాల్లో వచ్చే ‘క్రోమ్ స్ప్రే’ చూసి మోసపోకండి. వేసిన గంటకి అద్దంలా ఉంటుంది, చెయ్యి తగిలితే మసకబారుతుంది, కాపాడదామని మామూలు క్లియర్ కోటు వేస్తే మెరుపు పోయి అల్యూమినియం గిన్నె రంగు మిగులుతుంది. క్రోమ్‌లా నటించే రంగు కన్నా నిజాయితీగా ఉండే రంగు నయం. తెల్ల అంబాసిడర్‌కి బాడీ రంగు బంపరు హుందాగా ఉంటుంది, ముదురు బండికి సగం మెరుపున్న నలుపు. వెండి రంగే కావాలంటే సన్నని రేణువున్న సిల్వర్ బేస్ కోటు, పైన పి.యు. (పాలీయురెథేన్) క్లియర్ వేయించండి.

షెడ్డులో మిస్త్రి “ఎన్.సి. కొట్టేద్దాం బాబూ, రెండు గంటల్లో అయిపోతాది” అంటాడు. అవుతుంది కూడా. కానీ ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు తేమలో ఆరితే పాలు కలిసినట్టు తెల్లబడుతుంది, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. బంపరుకి పి.యు.నే అడగండి. పి.యు. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, వాటి పొగకి గుడ్డ కట్టుకోవడం, ఎన్95 పెట్టుకోవడం రెండూ చాలవు. బయటి గాలి పైపుతో అందే మాస్కు ఉన్న బూత్‌లో కొట్టించడం మంచిది. తయారీ అంతా మీరు చేసి, ప్రైమర్, రంగు మాత్రం వాళ్లకి అప్పగించినా తప్పులేదు.

కాలం ముఖ్యం. జూన్ నుంచి వానలు, అక్టోబరులో తుఫాన్లు. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, కాబట్టి వానలు తగ్గాయని ధైర్యం చేయకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. అప్పుడు కూడా ఉదయం మంచు పూర్తిగా విడిచాక మొదలుపెట్టి, మూడు గంటల లోపు ముగించండి. గాలిలో తేమ 85 శాతం దాటితే పని వాయిదా వేయడమే. మే నెల ఎండలో ముక్కే కాలిపోతుంటే పెయింటు తగిలేలోపే పొడిపొడిగా ఆరిపోతుంది, అదీ వద్దు.

కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి తిప్పి నీళ్లు వదిలించడం మాత్రం ఏ కాలంలోనూ మరవకూడదు. సముద్రం పక్క ఊళ్లలో ఒక్క పూటలోనే చెంబుడు నీళ్లు చేరతాయి. గన్నుకి ముందు నీటిని ఆపే ఫిల్టరు లేకపోతే ఆ నీళ్లు పొక్కులై మీ బంపరు మీదే తేలతాయి.

వెనక వైపు

ముందు వైపు అద్దంలా చేసి వెనక వదిలేసే బంపర్లే ఎక్కువ. ప్లేటింగ్ చేసేటప్పుడే వెనక పూత పల్చగా పడుతుంది, చక్రాలు చిమ్మిన బురద చేరేది కూడా అక్కడే. తుప్పు వెనక నుంచి తినుకుంటూ ముందుకొస్తుంది. వెనక కూడా గీకి, అదే ఎపాక్సీ వేసి, పైన చాసిస్ బ్లాక్ (బండి అడుగు చట్రానికి వేసే నల్ల పెయింటు) కొట్టండి. అందం అక్కర్లేదు, మందం కావాలి.

రెండు మూడు రోజులు ఆగి బిగించండి. బోల్టు తల కింద నైలాన్ వాషరో పల్చని రబ్బరో పెట్టండి, ఇనుము నేరుగా పెయింటుని నొక్కితే చుట్టూ చిట్లుతుంది. అల్యూమినియం ముక్కలకి ఇనుప స్క్రూ తగిలే చోట కూడా ఇదే పద్ధతి. నెల రోజుల దాకా వ్యాక్స్ రాయొద్దు, ప్రెజర్ వాష్ చేయించొద్దు, పెళ్లి బేరానికి పంపాల్సి వస్తే టేపు బదులు దారంతో కట్టమనండి.

మిగిలిన రంగుని చిన్న గాజు సీసాలో నిండా పోసి మూత బిగించి, రంగు కోడ్, తేదీ రాసి పెట్టుకోండి. హార్డెనర్ కలిపింది మాత్రం దాచినా గట్టిపడిపోతుంది. ఎన్‌హెచ్ 16 మీద లారీ వెనక వెళ్లిన రోజు రాయి తగిలి పెచ్చు లేస్తే, ఆ వారంలోనే ఆ చోట రుద్ది, చుక్క ఎపాక్సీ, ఆరాక చుక్క రంగు సన్న బ్రష్‌తో పెట్టేయండి.